పసుపు కాళ్ళ పిట్ట

నా పరువు ఒక పిట్ట కాళ్ళ దగ్గర పోయింది. ఇప్పటికీ పులివెందుల బస్సు కనబడితే మొహం పక్కకు తిప్పుకుంటాను. నవ్వుకోండి, అందుకే చెబుతున్నాను.

అప్పుడు నేను జమ్మలమడుగులో జువాలజీ చెప్పే కొత్త లెక్చరర్ని. ఈగలు పట్టి తినే గోధుమరంగు పిట్టల్లో రెండు రకాలున్నాయి, అచ్చం కవలలు. మామూలుదానికి కాళ్ళు నల్లన, అరుదైనదానికి పసుపుపచ్చ. ఆ రెండోది మా వైపు ఎవరికీ కనబడలేదు. నాకు చదువు చెప్పిన పులివెందుల సార్ ముప్పై ఏళ్ళుగా జిల్లా పిట్టల గురించి ఒక పుస్తకం రాస్తున్నారు. "నేను చూడని పిట్టను చూపించు, ఇంక ఈ పుస్తకం నువ్వే రాద్దువు" అన్నారోసారి. అంతే, నాకు పిచ్చి పట్టింది.

ఒక ఫిబ్రవరిలో, ప్రొద్దుటూరు పక్కన ఓబుల్రెడ్డి మామ పసుపు కళ్ళంలో, ఆగి ఉన్న కొమ్ముల పాలిష్ డ్రమ్ము మీద అది కనబడింది. వెంటనే ఫోన్ తీశాను.

"సార్, దొరికింది!"

"కాళ్ళు బాగా జూసినావా అప్పా?"

"పచ్చగా మెరుస్తాండాయి సార్!"

"ఇంగేంది, రేపే వస్తాండా."

మోకాళ్ళ నొప్పులతో రెండు బస్సులు మారి వచ్చారు, పుస్తకంతో సహా. ఈ పిట్టలు కూర్చున్న చోటు అంత తొందరగా వదలవు. మర్నాడూ అదే డ్రమ్ము మీద ఉంది. బైనాక్యులర్‌లో చూసిన సార్ కళ్ళు చెమర్చాయి. "ముప్పై ఏండ్లప్పా" అంటూ పెన్ను తీశారు. ఆ నిమిషాన కడప జిల్లాలో నన్ను మించినవాడు లేడు.

"ఏంది సార్, ఈ పిట్ట కోసమా ఇంత దూరం వచ్చినారు?" అన్నాడు ఓబుల్రెడ్డి మామ.

"దాని కాళ్ళు జూడు మామా, ఎంత పచ్చగా ఉండాయో!" అన్నాను గర్వంగా.

మామ చెప్పులు విడిచి కాళ్ళు చాపాడు. మోకాళ్ళ దాకా పసుపే. "నావీ పచ్చగానే ఉండాయి గదప్పా. పాలిష్ పట్టేటప్పుడు దుమ్ము లేస్తాది. ఈడ తిరిగే కుక్క గూడా పచ్చదే."

"కాదు మామా, ఇది పుట్టుకతోనే..." అంటున్నాను. ఆ పాపిష్టి పిట్ట ఎగిరి, బోరు పక్కన గుంతలో దిగి, తీరిగ్గా స్నానం చేసి, మళ్ళీ డ్రమ్మెక్కింది. కాళ్ళు నల్లగా, తారు పూసినట్టు ఉన్నాయి.

భూమి చీలితే బాగుండుననుకున్నాను. సార్ తిట్టలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. పెన్నుకు మూత పెట్టి, దుమ్ము పట్టిన నా ప్యాంటునూ తన పంచెనూ మార్చి మార్చి చూశారు.

"మనిద్దరం గూడా పచ్చగానే ఉండాం అప్పా. మనల్ని ఏ రకం కింద రాసుకోమంటావు?"

పుస్తకం సంచిలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచారు. నా బతుకూ ఆ సంచిలోనే పోయింది. కాబట్టి పెన్నా నది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ పిట్టకైనా సరే, తలంటి స్నానం చేయించకుండా పేరు పెట్టను.