లెక్క సరిపోయిన బస్సు

పొద్దున్న వంకాయలు తరుగుతుంటే ఫోను మోగింది. ఎదురింటి వదిన ఏదో బొమ్మ పంపింది. పచ్చటి కొండలు, మధ్యలో తెల్లగా దూకుతున్న నీళ్ళు, వాటి మీద ఎర్రటి హిందీ అక్షరాలు. అమర్‌కంటక్‌కి ఒక్కరోజు యాత్ర, వెంట గైడు ఉంటాడు, టీ, మధ్యాహ్నం భోజనం వాళ్ళదే. దాని కిందే వదిన గొంతు కూడా పంపింది. "వదినా, మళ్ళీ ఎల్దామేటి? ఈసారి మోకాళ్ళకి పట్టీలు కొనేసినాను. బస్సులో కూకోను, దిగుతాను." కిటికీ దగ్గర పేపరు చదువుతున్న మా ఆయన అదంతా విన్నారు. పేపరు దించకుండానే, "నువ్వెల్లిరా. నేను రాను. నేనుంటే లెక్క తప్పిపోద్ది," అన్నారు. కోపంగా అన్నా బాగుండేది. చాలా మామూలుగా అన్నారు. నాకు ఒంట్లో ఉన్న కాస్త ఓపికా అయిపోయింది. కత్తిపీట పక్కకి తోసి, గోడకి చేరబడి కూర్చున్నాను. ఐదేళ్ళ నుంచీ ఈ మాట వినీ వినీ అలిసిపోయాను. ఎందుకు అలిసిపోయానో తెలియాలంటే ఆ మొదటి యాత్ర సంగతి చెప్పాలి.

మాది రైల్వే కుటుంబం. మా మామగారు పలాస అవతలి పల్లె నుంచి పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌లో పనికని ఈ బిలాస్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఆయన గూడ్సు బండి గార్డు. ఇప్పుడా ఉద్యోగానికేదో మేనేజరని పేరు పెట్టారట. పేరేదైతేనేం, ఆఖరి డబ్బాలో ఒక్కడూ కూర్చుని, ముందున్న వ్యాగన్లన్నీ తనతో వస్తున్నాయో లేదో చూసుకోవడమే ఆ పని. బండి బయలుదేరే ముందు లెక్క చూడాలి, ఈల వేసి జెండా ఊపాలి, దాన్ని "రైట్ ఇవ్వడం" అంటారు. రైట్ ఇచ్చాక తప్పొప్పులు గార్డువే. ముప్పై ఆరేళ్ళు అలా తోక చివర ప్రయాణం చేసిన మనిషికి ముందు నడవడం చేతకాదు. పెళ్ళయిన కొత్తలో సర్కండా బజారుకి వెళితే నేను ముందు, ఆయన పదడుగుల వెనక. ఒకరోజు కూరగాయలమ్మే ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి, ఎవరో మీసాలాయన చాలాసేపటి నుంచి నీ వెంట పడుతున్నాడు, జాగ్రత్త అని చెప్పింది. మా ఆయనేనమ్మా అంటే ఆవిడ నమ్మలేదు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా అంతే, ఆఖరి పంక్తిలో, ఆఖరి విస్తరి ముందు కూర్చుంటారు. పిల్లలిద్దర్నీ రెండు చేతులా పట్టుకుని నేను ముందు నడుస్తుంటే, వెనక నుంచి ఆయన మమ్మల్ని లెక్కపెట్టుకుంటూ వచ్చేవారు.

ఆయన చేసింది ఒక డ్యూటీ అయితే, ఆ డ్యూటీకి నేను చేసింది ఇంకో డ్యూటీ. ఎప్పుడు వెళతారో తెలీదు, ఎప్పుడొస్తారో తెలీదు. అన్నం వార్చడం, అది చల్లారిపోవడం, మళ్ళీ పొయ్యి వెలిగించడం. పిల్లలకి జ్వరాలొచ్చినా, పంపు విరిగి క్వార్టరంతా నీళ్ళయినా నేనే. ఎవర్నీ తప్పుపట్టడం లేదు, మా వీధిలో ఆడవాళ్ళందరిదీ అదే బతుకు. రిటైరైతే చాలు, ఆయన పక్కన కూర్చుని వేడి అన్నం తింటానని రోజులు లెక్కపెట్టుకున్నాను. రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేసి సర్కండాలో కట్టుకున్న ఈ రెండు గదుల ఇంటికి వచ్చాం. నాలుగు నెలలు తిరక్కుండానే సిర్గిట్టిలో గోదాములున్న ఒక కాంట్రాక్టరు ఆయన్ని పిలిచాడు. వ్యాగన్లలో సరుకు ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు దగ్గరుండి చూసుకోవాలట. ఈయన ఒప్పేసుకుని, ఆ తర్వాత ఇంటికొచ్చి నాతో చెప్పారు. సోమవారం నుంచి డ్యూటీ అని ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో వెలుగు చూడాలి. మాకు డబ్బుకి ఇబ్బంది లేదు, పెన్షన్ వస్తోంది. ఆయనకి ఇంట్లో ఊపిరాడలేదు, అంతే.

వద్దండీ, ఇంక నాతో ఉండండి అనాలి నేను. ఎంత చిన్న మాట! అది నోట్లోంచి రాలేదు. డ్యూటీ అన్న మాటకి ఎదురు చెప్పడం మా ఇళ్ళల్లో ఏ ఆడదానికీ అలవాటు లేదు. బదులుగా, ఆదివారం నన్ను అమర్‌కంటక్ తీసుకెళ్ళమన్నాను. ఇక్కడో విషయం చెప్పాలి. మా రైల్వే వాళ్ళం పాసు మీద పూరీ చూశాం, తిరుపతి చూశాం, హరిద్వార్ కూడా చూసి వచ్చాం గానీ, మూడు నాలుగు గంటల దూరంలో ఉన్న ఆ కొండ చూడలేదు. రైలు పైకి వెళ్ళదు కదా. పాసు పనికిరాని చోటు దేశంలో ఉన్నట్టే మాకు తోచదు. ఆయన మాత్రం కట్నీ వైపు గూడ్సు మీద వెళ్ళినప్పుడల్లా దూరం నుంచి ఆ కొండలు చూసొచ్చి, వానాకాలంలో ఎలా ఉంటాయో చెప్పేవారు. ఆ లోయ అంచున, ఆ నీళ్ళ ముందు ఆయన పక్కన నిలబడి ఆ ఒక్క మాటా అనేయాలని నా ఆలోచన. ఇంట్లో రాని ధైర్యం అక్కడొస్తుందనుకున్నాను.

బస్సు దయాల్‌బంద్‌లో తెల్లవారుతుండగా ఎక్కాం. డ్రైవరూ గైడూ కాక నలభై రెండు మందిమి. నాకు బస్సు పడదు, వాంతులవుతాయి. అందుకని డ్రైవరు వెనక ఉన్న ఒంటి సీట్లో కూర్చున్నాను. పక్క వరసలో చోటున్నా మా ఆయన వెనక్కి చూడకుండా తిన్నగా ఆఖరి సీటుకి వెళ్ళి కూర్చున్నారు. ఎదురింటి వదిన మధ్యలో ఎక్కడో సర్దుకుంది. గైడు నలభై ఏళ్ళ మనిషి, మెడలో ఈల, నెత్తిన టోపీ, నోటికి మూత లేదు. చెట్టు కనిపిస్తే చూడండంటూ "దేఖియే", కోతి కనిపిస్తే "దేఖియే". రతన్‌పూర్ దాటేసరికి నా చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. టీకి ఆపిన చోట అతను జనాన్ని లెక్కపెడితే ఒకసారి నలభై ఒకటి వచ్చింది, ఇంకోసారి నలభై మూడు. మా ఆయన కాసేపు పళ్ళు బిగబట్టారు, ఇంక ఆగలేకపోయారు. "అలా కాదు భయ్యా," అని లేచి, తోక నుంచి మొదలుపెట్టి క్షణంలో తేల్చేశారు. గైడు సంతోషంగా ఈల తీసి ఆయన మెడలోనే వేసేశాడు. "అంకుల్‌జీ, ఆజ్ సే ఆప్ హీ సంభాలియే," అన్నాడు, ఇవాళ్టి నుంచి మీరే చూసుకోండని. బస్సంతా చప్పట్లు. నాలుగు నెలల తర్వాత ఆయన నవ్వడం చూశాను. ముచ్చటేసింది. ఈ రోజు కూడా పోయిందిరా దేవుడా అని కూడా అనుకున్నాను.

పైన చలి. సాల చెట్ల మధ్య ఎండ వెచ్చగా ఉన్నా గాలి మాత్రం చెవుల్లో దూరేస్తోంది. నర్మద పుట్టిన చోట దణ్ణం పెట్టుకుని, అక్కణ్ణుంచి కపిలధార జలపాతానికి వెళ్ళాం. బస్సు పైనే ఆగిపోతుంది, కిందికి నడవాలి. దారి పొడుగునా వేర్లూ మూలికలూ అమ్మేవాళ్ళు, కళ్ళకి మంచిదని గుల్‌బకావలీ పువ్వు రసం సీసాల్లో పోసి అమ్మేవాళ్ళు. మోకాళ్ళ నొప్పులతో వదిన బస్సు దిగనే లేదు, దుప్పటి కప్పుకుని పడుకుంది. నేను గుంపుతో పాటు తడి మెట్లు ఒక్కొక్కటీ చూసుకుని దిగాను. నదంతా ఒక్కసారిగా లోయలోకి పడిపోతోంది. తుంపర మొహానికి తగులుతోంది. కిందంతా అడవి, దాని మీద తెల్లగా మంచు. నా జన్మలో అంత అందమైన చోట నిలబడలేదు. వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన ఇరవై మెట్ల పైన, ఆయాసపడుతున్న ఒక లావుపాటి పెద్దమనిషిని అదిలిస్తూ దింపుతున్నారు. రైలింగు పట్టుకుని ఆయన కోసం ఆగాను. వచ్చారు. నా పక్కకి వచ్చారు. ఏవండీ అని నోరు తెరిచాను. "ఇక్కడ ఆగిపోకే, వెనకోళ్ళు జామైపోతారు," అన్నారు. జలపాతం ముందు నా మొగుడు నాతో అన్న మాట అది.

గుంపులోంచి తప్పుకుని పైకి ఎక్కాను. దుకాణాల వెనక, దారి మలుపులో ఎండ పడుతున్న ఒక రాయి కనిపిస్తే వెళ్ళి కూర్చున్నాను. అక్కడి నుంచి బస్సు కనబడదు. కాసేపటికి మొదటి ఈల వినబడింది, అందరూ రండని. మనుషులు గబగబా వెళ్ళడం తెలుస్తోంది. రెండో ఈల కూడా వినబడింది. ఇప్పుడు చెప్పేస్తున్నాను, ఎక్కడా దాచను. రెండూ స్పష్టంగా విన్నాను. లేవాలని తెలుసు. లేవలేదు. కాళ్ళ నొప్పి కాదు, ముప్పై ఆరేళ్ళ అలసట అంతా ఒక్కసారి ఒంట్లోకి దిగింది. దాంతో పాటు ఒక పాడు బుద్ధి కూడా పుట్టింది. నేను లేనని ఈయనకి తెలుస్తుందా, చూద్దాం అనుకున్నాను. బస్సు ఇంజను మోగింది. వెళ్ళిపోయింది. రేగుపళ్ళు అమ్ముకుంటున్న ముసలమ్మ నా వైపు జాలిగా చూసి, "తోర్ గాడీ తో చల్ దిస్, దాయీ," అంది, నీ బండి వెళ్ళిపోయిందమ్మా అని. నాకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎంత ఏడ్చానో నాకే తెలీదు. నా ఫోను కూడా వదిన సంచిలోనే ఉండిపోయింది.

బస్సులో ఏం జరిగిందో వదిన తర్వాత చెప్పింది. మూలికలమ్మే ఒకావిడ కొండ కింద కేంవచీ దాకా దింపమని గైడుని అడిగితే, సరేనని ఎక్కించాడట. ఆవిడ శాలువా తల మీదుగా కప్పుకుని, ఖాళీగా ఉన్న నా సీట్లోనే కూర్చుంది. ఆ సంగతి తెలియని మా ఆయన ఆఖరి సీటు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టారు. నలభై రెండు. లెక్క సరిపోయింది. రైట్ ఇచ్చేశారు. గూడ్సు గార్డుకి ఎన్ని వ్యాగన్లన్నదే ముఖ్యం, లోపల ఏముందో చూడరు కదా. ఘాట్‌రోడ్డు మీద చాలా దూరం వెళ్ళాక వదిన నిద్రలేచి, నాకు శొంఠి బిళ్ళ ఇద్దామని ముందుకొచ్చి, "అయ్యబాబోయ్, వదినేదీ?" అని కేకేసిందట. ఆ మలుపుల్లో బస్సు తిప్పడానికి లేదు. జీపు పిలుస్తాను ఆగండని గైడు అంటున్నా వినకుండా ఈయన దిగి నడక మొదలెట్టారట.

సగం దూరం నడిచి, మిగతా సగం ఎవరో పాలవాడి మోటార్‌సైకిల్ వెనక ఎక్కి వచ్చారు. ఎప్పుడూ నున్నగా ఉండే జుట్టు చెదిరిపోయింది, పెదాలు ఎండిపోయాయి. నన్ను తిట్టలేదు. వచ్చి ఆ రాయి మీద నా పక్కనే కూలబడి నా చెయ్యి పట్టుకున్నారు. "ముప్పై ఆరేళ్ళలో ఒక్క వ్యాగనొదల్లేదే. నిన్నొదిలేసి రైట్ ఇచ్చీసినాను," అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అప్పుడే చెప్పాలి నేను. ఈల విన్నాను, కావాలనే లేవలేదు, తప్పు మీది కాదు అని చెప్పాలి. కానీ ఆయన అంత దగ్గరగా కూర్చుని ఎన్నేళ్ళయిందో! చెబితే ఆ చెయ్యి తీసేస్తారని భయపడ్డాను. "నిద్ర పట్టేసిందండీ," అన్నాను. ఇంత అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

సోమవారం ఆయన సిర్గిట్టి వెళ్ళలేదు. కాంట్రాక్టరుకి ఫోన్ చేసి, "నేను పనికిరానండి, వేరే మనిషిని చూసుకోండి," అన్నారు. వంటింట్లోంచి విన్నాను. నేను నోరు విప్పి అడగకుండానే నేను కోరుకున్నది జరిగిపోయింది. వేడి అన్నం ఇద్దరం కలిసి తింటున్నాం. బజారులో ఆయన నా పక్కనే నడుస్తున్నారు, ఎక్కడ తప్పిపోతానో అని నా సంచి పట్టుకుని మరీ. కానీ తాళం వేశానా అని మూడుసార్లు నన్నే అడుగుతారు. గ్యాసు కట్టేశారా అంటే, వెళ్ళి చూసొచ్చి, నువ్వు కూడా ఓసారి చూడు అంటారు. పిల్లలొచ్చినప్పుడు ఎన్ని కంచాలు పెట్టాలో కూడా లెక్కపెట్టరు. మైలు పొడుగు బండిని చీకట్లో, వానలో ఒక్కడే కాసుకొచ్చిన మనిషి తన మీద తనకే నమ్మకం లేక ఇంట్లో తిరుగుతున్నారు. తోడు కావాలనుకున్నాను, మనిషిని చిన్నబుచ్చి తెచ్చుకున్నాను.

అందుకే ఈ పొద్దున్న ఇంక మొయ్యలేకపోయాను. చేతులు కడుక్కుని వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చున్నాను. "ఆరోజు నాకు నిద్ర పట్టలేదండీ. మీ ఈల రెండుసార్లూ విన్నాను. కావాలనే లేవలేదు. తప్పు నాది," అన్నాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత నా చెయ్యి తట్టి, "నేను బాధపడతన్నానని ఇలాగ చెప్తన్నావేటి? నీ మనసు నాకు తెలీదా?" అన్నారు. ఒట్టేశాను. పిల్లల మీద ఒట్టేశాను. "అచ్ఛా అచ్ఛా, నమ్మినాను లే," అని నవ్వి మళ్ళీ పేపరు తీసుకున్నారు. నమ్మలేదు. ఆరోజు ఆ రాతి మీదే చెప్పి ఉంటే నమ్మేవారు, నానా తిట్లూ తిట్టేవారు, సోమవారం మీసాలు దువ్వుకుని డ్యూటీకి వెళ్ళిపోయేవారు. ఐదేళ్ళు గడిచిపోయేసరికి నేను చేసిన తప్పు కూడా ఆయన కంటికి నా మంచితనంగానే కనిపిస్తోంది.