గాజు పళ్లెంలో పసుపు బొట్టు

బీయస్సీ పాసై రెండేళ్లు నిండినా నేను ఇంటిపట్టునే ఉన్నాను. పని అడగడానికి ఎవరి ముందరైనా నిలబడితే నాకు మాట గొంతు దాటదు. అటువంటిది, ఆ ఏడు దసరా సెలవులకు ముందు, నాకు బాటనీ చెప్పిన మేడం తనంతట తానే కాలేజీకి పిలిపించి నాలుగు గాజు పళ్లేలు చేతిలో పెట్టారు. ఒక్కొక్కటి టీ సాసరంత ఉంటుంది, దానికో గాజు మూత. ఆలుగడ్డలు ఉడికించిన నీళ్లలో చక్కెర, సముద్రపు నాచు నుంచి తీసిన అగర్ పొడి కలిపి, కుక్కర్లో పెట్టి, పళ్లేల్లో పోసి గడ్డకట్టించింది కూడా ఆమే. కాగితంలో చుట్టిన ఒక వరిగడ్డి పుట్టగొడుగు కూడా ఇచ్చారు.

"ఇక్కడ పుట్టగొడుగుల విత్తనం తయారుచేసే గది మొదలుపెడుతున్నాం. ఒకమ్మాయి కావాలి. దీని ముక్క ఒక్కో పళ్లెంలో పెట్టు, తెల్లటి పోగులు పాకుతాయి. సెలవులయ్యాక ఒక్క పళ్లెమన్నా బూజు లేకుండా తెల్లగా, శుభ్రంగా తెచ్చి చూపించు. మిగతాది నేను మాట్లాడతాను. ముక్క పెట్టాక మూత మాత్రం తెరవొద్దు" అన్నారు.

తిరుపతి టౌన్ బస్సులో గుండు చేయించుకున్న యాత్రికుల మధ్య ఆ మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న ముసలామె "కొండ ప్రసాదమా పాపా?" అని అడిగింది. కాదని చెప్పలేక తల ఊపాను. నేను దిగేదాకా ఆమె ఆశగా నా ఒడివైపే చూసింది.

సామాన్ల గది తలుపులు మూసి, గాలి ఆడకుండా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, స్పిరిట్ దీపం వెలిగించాను. సూదిని ఎర్రగా కాల్చి, పుట్టగొడుగును నిలువుగా చీల్చి, లోపలి తెల్లటి కండ నుంచి పెసరగింజంత ముక్క తీసి ఒక్కో పళ్లెం నడుమ పెట్టాను. నాలుగింటినీ పేపర్లో చుట్టి బీరువాలో నవలల వెనక దాచాను. ఆ నవలలు కూడా నేను దాచుకున్నవే.

నాయన బస్సు డిపోలో మెకానిక్కు. సాయంత్రం చేతుల గ్రీజు కడుక్కుంటూ నవ్వాడు.

"కుక్కగొడుగులు పెంచేదానికి బీయస్సీ సదవల్లనా పాపా? రెండు వానలు పడితే పెంటదిబ్బ మీద అవే లేస్తాయే!"

"నీ స్పానర్లకు లేని సదువు దాని గొడుగులకు ఉండాదిలే, నువ్వు ఊరుకో" అంది అమ్మ.

మూడో రోజు ఒక పళ్లెంలో పచ్చటి బూజు. నాలుగో రోజు ఇంకో రెండింట్లో నల్లటి చుక్కలు. సూది సరిగా కాల్చలేదో, ఊపిరి తగిలిందో తెలియదు. వాటిని పెరట్లో పూడ్చిపెట్టి పళ్లేలు కడుగుతుంటే అమ్మ పక్కనే నిలబడి చూసింది.

నాలుగోది మాత్రం బాగుంది. ముక్క చుట్టూ తెల్లటి నూలు పోగులు లేచి, రోజుకు అర వేలి వెడల్పున పాకాయి. ఆ కొలత రోజూ డైరీలో రాసేదాన్ని. నా డైరీలో అంతవరకు నేను చదివిన వాటి గురించే ఉండేది, నేను చేసిన పని ఏదీ లేదు. నవమినాటికి అంచు చేరడానికి బియ్యపుగింజంత దూరం మిగిలింది.

నవమి అంటే మా ఇంట్లో సరస్వతి పూజ, ఆయుధపూజ. నాయన స్పానర్లు, అమ్మ కత్తిపీట, కుట్టుమిషను, నా పుస్తకాలు అన్నింటికీ బొట్లు పెట్టి దేవుడి ముందు పెడతారు. మరునాడు పొద్దున మళ్లీ హారతి ఇచ్చేదాకా వాటిని ముట్టుకోకూడదు, చదవకూడదు.

నేను తలకు పోసుకుని వచ్చేసరికి పుస్తకాల దొంతర మీద నా పళ్లెం ఉంది. మూత పక్కన ఉంది. తెల్లటి పోగుల నడుమ తడి పసుపుతో అద్దిన బొట్టు, దాని మీద కుంకుమ. సాంబ్రాణి పొగ దాని మీదుగానే పోతోంది.

"మూత తీసినావేమా?" అన్నాను.

"మూతకు పెడితే మూతకు పెట్టినట్టు గాని, సదువుకు పెట్టినట్టవుతుందా?" అంది అమ్మ. "మూడు సెడిపోయినాయి కదా. ఇదన్నా నిలవల్లని ఆ తల్లికి మొక్కి పెట్టినా. నువ్వు దండం పెట్టుకో."

పెట్టుకున్నాను. అగర్ పోసిన పళ్లెం ఇంకొకటి ఉంటే అంచున కాస్త పోగు తీసి అందులోకి మార్చేదాన్ని. లేదు. ఆ రోజంతా చదవడానికి పుస్తకమూ లేదు. గుమ్మంలో కూర్చుని ఆ పళ్లెం వైపే చూశాను.

కాలేజీ తెరిచేనాటికి బొట్టు చుట్టూ జిగట నీరు ఊరి, దాని అంచున పచ్చబూజు పొడిపొడిగా లేచింది. అయినా తీసుకుపోయాను. పళ్లేలు ఎటూ తిరిగి ఇవ్వాలి.

మేడం కిటికీ వెలుతురులో పెట్టి చూశారు. "ఈ పసుపేంది? ఎవరు తెరిచారు?"

ల్యాబు బల్లల దగ్గర పిల్లలంతా ఉన్నారు. అమ్మ బొట్టు పెట్టిందని చెబితే వాళ్లు నవ్వుతారు. అమ్మ అక్కడ లేకపోయినా ఆమెనే చూసి నవ్వినట్టు ఉంటుంది.

"నేనే తెరిచినాను మేడం."

ఆమె పళ్లెం మీద మూత పెట్టేశారు. "చెప్పినాను కదమ్మా. తెరవకుండా ఉండటమే ఇందులో సగం పని" అని పళ్లేలు నాలుగూ కడిగే తొట్టిలో వేశారు. విత్తనం గదికి వేరే అమ్మాయిని తీసుకున్నారని తరువాత విన్నాను.

ఇంటికి రాగానే అమ్మ ఎదురొచ్చింది. "ఏమనింది మేడం?"

"బాగా వచ్చిందనింది."

"సూసినావా!" అని నాయన వైపు తిరిగింది. "నేను బొట్టు పెట్టబట్టే నిలిచింది."

ఆ మాట వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు. పని కాగితం వస్తుందని ఆ నెలంతా అమ్మ పోస్టుమన్ వచ్చే వేళకు వాకిట్లో ఉండేది. తరువాత అడగడం మానేసింది, వాకిట్లోకి రావడం మాత్రం మానలేదు. మరుసటి దసరాకు పుస్తకాల దొంతర మీద పళ్లెమంత చోటు వదిలి, "అయ్యి ఒకటన్నా అడిగి తెచ్చుకోగూడదా పాపా?" అంది. నేను నా డైరీ తీసి ఆ చోట పెట్టాను. అమ్మ దాన్ని తెరిచి, లోపలి కాగితానికి బొట్టు పెట్టింది.