నా తరఫు సాక్షి

ఆ రోజుల్లో కర్నూల్లో నాకు తెలియని వీధి లేదు, తెలిసిన మనిషి లేడు. ఉద్యోగానికి వచ్చి మూడేళ్లయినా మెస్సాయన నన్ను ‘పెరుగొద్దనే సారు’ అనే పిలిచేవాడు (ఆ మాత్రం గుర్తింపుకే పొంగిపోయేవాణ్ణి). అలాంటివాణ్ణి ఊరి చివర మూడు సెంట్ల స్థలం కొన్నాను. స్థలం ఉంటే ఈ ఊరివాణ్ణి అయిపోతానని నా ఆశ.

రిజిస్ట్రేషన్ రోజున, స్థలం అమ్ముతున్న అవ్వ, కొడుకులు, కోడళ్లు, కూతురు, అల్లుడు, చంకల్లో మనవళ్లతో సహా రెండు ఆటోల్లో దిగింది. చిత్రాన్నం గిన్నె కూడా తెచ్చుకున్నారు. నా వైపు నేనూ, నా ఫైలూ. రాయచోటి నుంచి రావాల్సిన మా అన్న పొద్దున్నే ఫోన్ చేసి, ‘‘శెనక్కాయ పెరికేకి కూలోళ్లు దొరికినార్రా, ఈ పొద్దు ఇడిస్తే మళ్లా రారు. నువ్వే కానీలే’’ అన్నాడు. దస్తావేజు రాసే ఆయన కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, ‘‘అమ్మేటోళ్ల తరఫున ఒక సాక్షి, కొనేటోళ్ల తరఫున ఒక సాక్షి. ఈడ అదే పద్ధతి. నీ మనిషి యాడప్పా?’’ అన్నాడు.

ఫోన్లో పేర్లన్నీ వెతికాను. ఇంటి ఓనరు అహోబిలం పోయాడు. ఆఫీసులో పక్క సీటాయన ‘‘ఎవరూ?’’ అని అడిగితే సిగ్గుపడి పెట్టేశాను. గ్యాసు బండాయన నంబరు దాకా వచ్చి ఆగాను. ఈ రోజు కాకపోతే స్థలం ఇంకొకరికి ఇచ్చేస్తామని అవ్వ పెద్దకొడుకు ముందే చెప్పి ఉన్నాడు. అబద్ధమెందుకు, ఏడుపొచ్చింది.

నా మొహం చూసి అవ్వే అల్లుడి వైపు తిరిగింది. ‘‘నాయనా, నువ్వు ఊరికే కూచోనుండావు గదా, ఆ పిల్లోని పక్కకు పో.’’

అత్తగారింట్లో ఆయనకు ఒక పని అప్పజెప్పడం అదే మొదటిసారేమో, నా పక్కన కూర్చుని కాగితాలు అక్షరం అక్షరం చదివాడు. ఉన్నట్టుండి, ‘‘దారి యాడ రాసినారు?’’ అన్నాడు. ‘‘ముందర జాగా మీరే పెట్టుకుంటిరి. మావోడు ఇంట్లోకి ఎగిరి పోవల్లనా?’’

‘‘నోటి మాట సాలదా?’’ అంది అవ్వ.

‘‘సాలదత్తా. పన్నెండడుగుల దారి రాస్తేనే మావోడు సంతకం పెడతాడు.’’ (మావోడు అప్పటిదాకా నోరు తెరవలేదు.) ‘‘ఇంటికి రా, చెప్తా’’ అని భార్య కళ్లురిమినా ఆయన తగ్గలేదు. గంట పోట్లాట తర్వాత దారి రాశారు. దారి వచ్చినందుకంటే, నా కోసం ఒక మనిషి పోట్లాడినందుకే నాకు సంతోషం.

లోపల అధికారి, ‘‘ఈయన మీకు తెలుసా?’’ అని అడిగితే, ‘‘శానా బాగా తెలుసు సార్’’ అని వేలిముద్ర వేశాడు. పరిచయమై అప్పటికి రెండు గంటలు.

పని కాగానే ఆయన తనవాళ్ల ఆటో ఎక్కాడు. ‘‘ఇల్లు కట్టినప్పుడు పిలువప్పా, మర్సిపోవద్దు’’ అన్నాడు. ఆటో మలుపు తిరిగేదాకా ఆయనకు పడుతున్న తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. స్థలం కొన్నానని ఎవరికి చెప్పుకోవాలో తెలియక నేను చాలాసేపు ఆ రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల మీదే కూర్చున్నాను.

ఐదేళ్లకు ఇల్లు కట్టాను. ఆయన పేరు, ఊరు దస్తావేజులో ఉన్నాయి. బస్సెక్కితే గంట ప్రయాణం. పిలుపు కార్డు మీద పేరు కూడా రాశాను. ఏమవుతానని చెప్పి పిలవాలి, గుర్తుపట్టకపోతే ఎట్లా అనుకుంటూ పోనేలేదు. గృహప్రవేశం నాడు ఆఫీసువాళ్లు నలుగురు వచ్చి, తిని, వెళ్లారు. బయట ఆటో చప్పుడైనప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి చూశాను. పిలవని మనిషి రాలేదని ఆ సాయంత్రం నిజంగానే అలిగాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, ఆ అలిగినవాడి మీద కాస్త జాలి కూడా.