పుట్టింటి పూలు

నా చిన్నప్పుడు జనగామలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఉండేది కాదు, ముళ్లకంచె ఉండేది. అందులో పిల్లలు దూరేంత సందు ఒకటి ఉండేది. రోజూ పొద్దున్నే ఆ సందులోంచి పక్కింటి అక్క దగ్గరికి వెళ్లేదాన్ని. అక్క నాకు జడ వేస్తూ ఎక్కాలు చెప్పించేది. ఎక్కడైనా తప్పితే అక్కడి నుంచి అందుకుంటే ఒప్పుకునేది కాదు, మొదటి నుంచి చెప్పాల్సిందే. జడ అయిపోయినా ఎక్కం అయ్యేదాకా వదిలేది కాదు. కిరాణా కొట్టతను కూడిన మొత్తాన్ని ఇవాళ్టికీ నేను మళ్లీ కూడుకుంటానంటే అది అక్క పెట్టిన అలవాటే.

అక్కకు తల్లి లేదు, తోడబుట్టినవాళ్లు లేరు. తండ్రే పెంచాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే అతనికిచ్చి పెళ్లి చేసిన మరుసటి ఏడే ఆ తండ్రి కూడా పోయాడు. దినాలు ముగిశాక పక్కింటికి తాళం పడింది. రైలెక్కేముందు అక్క నా గడ్డం పట్టుకుని, ఎండాకాలం సెలవుల్లో వచ్చి మా ఇంట్లోనే ఉంటానని, అప్పటికి పందొమ్మిదో ఎక్కం నోటికి రావాలని చెప్పింది. నేను నేర్చుకున్నాను. బడి మూసింది మొదలు, హైదరాబాదు నుంచి రైలు వచ్చే వేళకు వాకిట్లో కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం బియ్యం మిల్లు గుమాస్తా వచ్చాడు. మా వీధి మొత్తానికి ఫోను ఆ మిల్లులోనే ఉండేది. తేదీలు రాసిపెట్టుకోవడం నాకు ఆ తరువాత అబ్బింది కాబట్టి అది ఏ రోజో చెప్పలేను. అన్నాలు తిని చేతులు కడుక్కుంటున్నామని మాత్రం చెప్పగలను. అక్క జ్వరంతో దవాఖానాలో చనిపోయిందని, మర్నాడు పొద్దున ఎత్తుతారని అతను నిలబడే చెప్పాడు. చెప్పి, మా అవ్వ వైపు తిరిగాడు. మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం.

"పుట్టింటి తరఫున ఎవరన్న వస్తరా అని అడుగుతున్నరవ్వా. లేకుంటే చీర, పూలు వాళ్లే పెట్టుకుంటరట."

మా వైపు ముత్తైదువ పోతే ఒంటి మీది ఆఖరి చీర, తలలో పూలు పుట్టింటి నుంచే రావాలి. రాకపోతే ఏదీ ఆగదు. కానీ ఆ మనిషికి వెనక ఎవరూ లేరన్న సంగతి పదిమంది ముందు తేలిపోతుంది. అది అప్పుడు నాకు తెలియదు. అవ్వ మొహం చూస్తే మాత్రం ఏదో చాలా పెద్ద మాట అన్నారని అర్థమైంది.

"ఎందుకు లేరు? ఉన్నరు. మేం వచ్చేదాక పిల్లను ఎత్తొద్దని చెప్పు, పో."

సంగతి తెలిసి వీధి చివరి పెద్దమ్మ వచ్చింది. చెడ్డది కాదు, పద్ధతి తప్పితే సహించేది కాదు, అంతే. వస్తూనే అడిగింది. "నువ్వేమైతవని పంపుతున్నవ్? కులమా, గోత్రమా? రేపు వాళ్లు అడిగితే ఏం జెప్తవ్?"

అవ్వ చిన్న గంప తీసుకుని కంచె దాటి తాళం వేసిన ఇంటి పెరట్లోకి వెళ్లింది. అక్కడ అక్క వాళ్ల నాన్న పెట్టిన మల్లెపొద ఉంది. ఇంటికి తాళం పడ్డాక కూడా గిన్నెలు కడిగిన నీళ్లన్నీ అవ్వ దానికే పోసేది. ఎవరూ లేని ఇంట్లో పొదకు నీళ్లెందుకని నేను అనుకునేదాన్ని. మొగ్గలు కోస్తూ, వెనక్కి తిరగకుండానే అవ్వ అన్నది.

"పూలు వాళ్లింటియే. మోసుకపోయే చేతులే మావి. చేతులకు గోత్రమేంది?"

పెద్దమ్మ కొంగు నడుముకు దోపుకుని మా అరుగు మీద కూర్చుంది. "దారం ఏది? లేకుంటే పూలు గూడ మాటలతోనే కడ్తవా?"

గంపలోకి చూసి నాకు ఏడుపొచ్చింది. అన్నీ మొగ్గలే. శనగ గింజకు కాస్త పెద్దవి, మొదళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. మా అక్కకు పంపేవి ఇవా? బజారులో బంతిపూల దండలు నా తలంత లావున ఉండేవి. అవి కొనమని పట్టుబట్టాను. అవ్వ విసుక్కోలేదు. "మన కండ్లకు మంచిగ కనపడాలెనంటే బజారుకే పోదుము బిడ్డా. గివి రేపు అక్క తలల ఎట్లుంటయో గది చూడాలె. ఇక్కడ విచ్చుకుంటే ఆడికి పోయేసరికి వాడుతయి."

దారం పోగు నా చేతికీ ఇచ్చింది. ఊడిపోకూడదని ఒక్కో ముడీ బలంగా బిగించాను. అవ్వ వాటిని విప్పి, లోపల మొగ్గ లావెక్కుతుందని, దానికి జాగా ఇచ్చి కట్టాలని చూపింది. మూర పూర్తయ్యేసరికి నా వేళ్లకు వాసన పట్టింది. మోదుగాకులు పరిచి, గట్టిగా పిండిన తడిగుడ్డలో దండ చుట్టి పెట్టారు. నీళ్లు ఇంకాస్త చల్లుతానంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. తడి ఎక్కువైతే ఆ వేడికి పూలు ఉడికిపోతాయట. చీర కోసం అవ్వ తన పెట్టె తీసి, తాను ఇంకా మడత విప్పని దాన్ని ఇచ్చింది.

బాపు సాయంత్రం రైలుకు బయలుదేరాడు. నేను చెప్పులు వేసుకుని గడపలో నిలబడ్డాను. వస్తానన్నాను. ఎక్కం అప్పజెప్పాలన్నాను. అవ్వ నన్ను ఒళ్లోకి లాక్కుంది. నేను తన్నుకున్నా వదలలేదు. "ఇప్పుడు చూస్తే నీకు గా మొఖమే యాదికుంటది బిడ్డా. నీ అక్కను నీకు ఉండనియ్యి." రైలు కూత వినపడేదాకా అట్లాగే పట్టుకుని కూర్చుంది.

మర్నాడు సాయంత్రం బాపు ఖాళీ గంపతో వచ్చాడు. నీళ్లు తాగి, అరుగు మీద కూర్చుని చెప్పాడు. అక్కడ పట్నం దండలు కుప్పగా ఉన్నాయట. బాపు ఆ పెద్దింట్లో గంప పట్టుకుని ఎవరికి ఇవ్వాలో తెలియక రాత్రంతా ఒక మూలన కూర్చున్నాడట. పొద్దున అక్కకు స్నానం చేయించాక అత్తగారు పుట్టింటి పూలేవని అడిగిందట.

"గుడ్డ విప్పిన. అన్ని విచ్చుకున్నయి. గదంత వాసన. ఆమె నన్ను ఏమైతవని గూడ అడగలే. 'జరుగుండ్రి, పుట్టింటోళ్లొచ్చిన్రు' అన్నది. ముందు మనయే పెట్టిన్రు."

అవ్వ అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా ఏడవలేదు.

అవ్వ నన్ను ఆపడం సరైనదో కాదో ఇన్నేళ్లయినా నేను తేల్చుకోలేదు. ఆమె అన్నట్టే నాకు గుర్తున్న అక్క దువ్వెన పట్టుకుని ఎక్కం తప్పు పడుతున్న అక్కే. కానీ ఒక్కసారి చూసి ఉంటే ఆ ఎండాకాలమంతా రైలు వేళకు వాకిట్లో కూర్చునేదాన్ని కాదు కదా అని కూడా అనిపిస్తుంది. తెలిసి కూడా కూర్చున్నాను.

ఇప్పుడు మా పిల్లలు ఫోనులో చెబితే చాలు, హైదరాబాదులో ఎవరు పోయినా పూలచక్రం నేరుగా ఆ ఇంటికే వెళుతుంది, ఫొటో కూడా వస్తుంది. నేనూ పంపించాను. కాకపోతే ఎన్నింటికి ఎత్తుతారో కనుక్కుని, ఆ వేళకు విచ్చుకునేవే పెట్టమని దుకాణం వాళ్లతో చెప్పిస్తాను. ముసలామె చాదస్తమని వాళ్లు అనుకుంటారు, అనుకోనీ.

మా వీధి నుంచి ఏ పిల్ల అత్తారింటికి వెళుతున్నా, కారు ఎక్కేముందు దగ్గరికి పిలిచి ఒక మాట చెబుతాను. మీవాళ్లు ఉన్నా లేకున్నా, నేనున్నన్నాళ్లు ఈ ఇల్లు నీకు పుట్టిల్లే అని. ఆ వయసులో వాళ్లకు ఆ మాట అవసరం కనపడదు. నవ్వి, కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోతారు. నవ్వనీ. మా అక్కకు ఆ మాట బతికుండగా ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు.