అత్తమ్మ కూనిరాగాలు

బిజినేపల్లి నుంచి కర్ణాటక సరిహద్దులోని గట్టు అనే ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్తమ్మంటే నాకు హడల్. ఆమె తిట్టేది కాదు. అసలు మాట్లాడేదే కాదు. పొద్దంతా ఏదో ఒక కూనిరాగం తీస్తూ పని చేసుకునేది.

"అమ్మ రాగం వింటే అంతా తెలుస్తది," అన్నాడు మా ఆయన. "జల్ది జల్ది తీస్తే ఖుషీగ ఉన్నట్టు. సాగదీస్తే కోపమొచ్చినట్టు. గప్పుడు దగ్గరికి పోకు."

నేను శ్రద్ధగా నేర్చుకున్నాను. రాగం హుషారుగా ఉంటే పుట్టింటికి పోయొస్తానని అడిగేదాన్ని. సాగితే అడక్కముందే చాయ్ పెట్టి ఇచ్చేదాన్ని. రెండు నెలల్లో ఆ భాష నాకు వచ్చేసిందనుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే మొదలైంది రాగం. అంత సన్నగా, అంత పొడుగ్గా ఎప్పుడూ వినలేదు. నేను జొన్నరొట్టెలు చేస్తున్నంతసేపూ ఆగలేదు. చాయ్ ఇస్తే ముట్టలేదు. దొరికిపోయాననుకుని వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను.

"తప్పయింది అత్తమ్మా. తొక్కు జాడీ పగలగొట్టింది పిల్లి గాదు, నేనే."

రాగం ఆగింది. అత్తమ్మ చెంప మీద చెయ్యి అట్లాగే ఉంచుకుని నా వైపు తిరిగింది.

"నువ్వా? వారం దినాలు ఆ పిల్లిని ఇంట్లకు రానియ్యలేదు గదనే నేను!"

"మరి... పొద్దుగాల నుంచి కోపంగ పాడుతున్నరు గద?"

"పాడుడేంది? పన్ను నొస్తుంటే మూలుగుతున్న!"

ఆ తర్వాత సగం తెలుగులో, సగం కన్నడంలో తిట్టింది. మధ్యమధ్య నొప్పికి ఆగి, మళ్లీ అందుకుంది.

మర్నాడు గద్వాలలో దవాఖానకు తీసుకుపోయి పన్ను తీయించాను. వాపు తగ్గాక ధైర్యం చేసి రాగాల సంగతి అడిగాను.

"మిరపకాయలు దంచేతప్పుడు జల్ది తీస్త. బియ్యంల రాళ్లు ఏరేతప్పుడు నిమ్మళంగ తీస్త. అంతేనే. ఇంకేముంటది?"

"మరి కోపమొస్తే?"

"తిడత. మొన్న తిట్టలే?"

ఈ మాట చెబితే మా ఆయన నమ్మలేదు. పాపం, చిన్నప్పటి నుంచి తల్లి రాళ్లు ఏరుతుంటే ఇంట్లోంచి పారిపోయేవాడట. అత్తమ్మకూ నాకూ మాత్రం అప్పటి నుంచి మాటలు కలిశాయి. ఎంతగా కలిశాయంటే, జర ఊకోండ్రని మా ఆయనే మమ్మల్ని బతిమాలుకునేవాడు.