హనోయ్‌లో రోడ్డు దాటిన రోజు

హనోయ్ పేరు వింటే ఇప్పటికీ నాకు చిరాకే. ఎదురుగా నా హోటల్ కనిపిస్తోంది, మధ్యలో తెంపు లేకుండా మోటారు సైకిళ్లు. సిగ్నల్ లేదు, ఆపేవాడు లేడు. ఇరవై నిమిషాలు నిలబడి, "థూ, ఇదేం ఊరబ్బా!" అని గట్టిగానే తిట్టాను.

"తెలుగోడివా! యా ఊరు నాయనా?" పక్కన ఒక పెద్దావిడ. గుండు మీద వెంట్రుకలు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి.

"చిత్తూరు."

"మాది చంద్రగిరి. కొండమీద తోపులాట సూసినోళ్లం, దీనికి బయపడితే ఎట్ల? రా!"

నా చెయ్యి పట్టుకుని, "గోవిందా!" అంటూ రోడ్డు మీదికి దిగింది. బండ్లు మమ్మల్ని తప్పించుకుంటూ పోయాయి.

అవతలికి చేరాక కూడా ఆవిడ చెయ్యి వదల్లేదు.

"మావోళ్లు దాటేసి పోయినారు నాయనా. తోడు దొరక్క గంట నుంచి ఆడనే నిలబడుండా."