మూడో వరసలో రెండు సీట్లు

ఇమాద్ బంతి విసురుతుంటే హాలంతా లేచి నిలబడేది. నేను మాత్రం కళ్ళు మూసుకునేదాన్ని. భక్తితో కాదు, భయంతో. ఆ భయం ఎందుకో తెలియాలంటే వాడు మా ఇంటికి ఎలా చేరాడో ముందు చెప్పాలి.

మాది బందరు. వాళ్ళదీ బందరే. వాడికి పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న బహదూర్ గారు మెల్‌బోర్న్ వచ్చి డాండెనాంగ్‌లో పచారీ కొట్టు పెట్టారు. పెళ్ళయి నేనిక్కడికి వచ్చిన కొత్తలో గోంగూర పచ్చడి కోసం ఆ కొట్టుకి వెళ్తే, శ్యామసుందరి అన్న నా పేరు కంటే ముందు ఆయన అడిగింది మా ఊరి పేరు. అప్పటి నుంచి నాకు ఆయన అంకుల్, వాడికి నేను అక్క.

కొట్టు వెనక గోడకి బాస్కెట్‌బాల్ ఆడుకునే ఇనప రింగు ఒకటి బిగించి ఉండేది. చువ్వలాంటి కుర్రాడు దాని ఛాయలకైనా వెళ్ళకుండా, సందు చివర చెత్తడబ్బాల పక్కన నిలబడి బంతి వేసేవాడు. "అంత దూరం నుంచి ఎందుకురా, దగ్గరకెళ్ళి వేయొచ్చుగా?" అన్నాను.

"దగ్గరకెళ్తే పెద్దాళ్ళు తోసేస్తారక్కా. ఇక్కడైతే నన్నెవడూ పట్టించుకోడు."

అదే వాడి బతుకుతెరువైంది. స్కూలు జట్టు, ఆ తర్వాత రాష్ట్రం లీగు, తొంభై ఎనిమిదిలో ఏకంగా జీతమిచ్చి ఆడించే క్లబ్బు. ఆ క్లబ్బు పేరు నేను చెప్పను, అడగొద్దు. అక్కడ వాడికి ఒకటే పని. పరిగెత్తి చొరబడక్కర్లేదు, ఎగిరి లాక్కోనక్కర్లేదు. జట్టు వెనకబడినప్పుడు కోచ్ బెంచీ మీద నుంచి లేపుతాడు. వీడు వెళ్ళి కోర్టు మూలలో, దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే గీత బయట నిలబడతాడు. బంతి అందుతుంది, వేస్తాడు, పడుతుంది. అంతే. ఇక్కడివాళ్ళు ప్రతి పేరుకీ చివర ఒక 'ఓ' తగిలిస్తారు కదా, వీణ్ణి ఇమ్మో అనేవారు.

ఈ సంబరమంతా చూడాల్సిన మనిషి మాత్రం ఒక్క రోజు కూడా చూడలేదు. ఎందుకంటే అవి కంప్యూటర్ల రోజులు. దారిన పోయేవాణ్ణి కూడా పిలిచి ఉద్యోగం ఇస్తున్న కాలం. బహదూర్ అంకుల్ కొడుకుని యూనివర్సిటీలో కంప్యూటర్ కోర్సులో చేర్పించారు. రెండో ఏడు వాడు మానేశాడు. "బంతి విసరడం కూడా ఒక ఉద్యోగమేనా? నలుగురిలో ఏమని చెప్పుకోను?" అని ఆయన కొట్టులో జనం ముందే అరిచారు. వీడు బ్యాగు సర్దుకుని తిన్నగా మా ఇంటికి వచ్చాడు. మా వెనక గది ఖాళీగానే ఉంది. మా ఆయన చలపతి ఒక బ్యాంకులో పాత ప్రోగ్రాములు వెతికి తేదీలు సరిచేసే పనిలో ఉన్నారు. ఇల్లు కూలిపోతున్నా ఆయనకి, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న ఆ రెండు సున్నాల గొడవే. "వీడికి ఆర్నెల్లు మా కోబాల్ కంప్యూటర్ భాష నేర్పించనా?" అని రోజూ వేళాకోళం చేసేవారు.

అలా వాడు మా ఇంట్లో ఉండబట్టే నాకు తెలిసింది.

మొదట కళ్ళు నులుముకోవడం. మామూలుగా కాదు, పిడికిళ్ళు బిగించి, వేళ్ళ కణుపులతో గుండ్రంగా తిప్పుతూ. "ఒరేయ్, కళ్ళు ఊడి చేతికొస్తాయిరా" అంటే నవ్వేవాడు. తర్వాత టీవీ చూసేటప్పుడు తల ఒక పక్కకి వంచడం. ఆ తర్వాత నేను గుమ్మంలోకి వెళ్ళి ఏమీ మాట్లాడకుండా నిలబడితే ఊరికే నా వైపు చూస్తూ ఉండిపోవడం. నా గాజులు కదిలితే చాలు, "ఆఁ, అక్కా" అనేవాడు. పరధ్యానం అనుకున్నాను. పిచ్చిదాన్ని కాకపోతే!

తొంభై తొమ్మిది నవంబరులో ఒక శనివారం. కేరమ్ డౌన్స్ గుడికి వెళ్దామంటే వాడే కారు తీశాడు. వెనక సీట్లో మా ఎనిమిదేళ్ళ ఉదయశ్రీ. దారిలో ఒకచోట నెమ్మది చేసి, "అక్కా, ఆ పిల్లాడు రోడ్డు దాటతాడా?" అన్నాడు. చూశాను. అక్కడున్నది పచ్చ మూత చెత్తడబ్బా. జోకు వేశాడనుకుని నవ్వాను. గుడి దగ్గర మలుపు తిరిగాం. ఎవరో పెద్దావిడ, బూడిద రంగు చీర, చేతిలో పళ్ళెం, రోడ్డు సగానికి వచ్చేసింది. కారు నెమ్మదించలేదు. నేను వాడి ముఖం వైపు చూశాను. ప్రశాంతంగా ఉంది, ఏదో పాట కూడా కూనిరాగం తీస్తున్నాడు.

"బ్రేక్! ఒరేయ్, బ్రేక్!"

ఆవిడ చీర కుచ్చిళ్ళు బంపరుకి తగిలాయి. పళ్ళెంలో అరటిపళ్ళు మా కారు మీద పడ్డాయి.  వాడు చిన్న గొంతుతో, "ఎవరక్కా?" అన్నాడు.

"మామయ్యా, యూ డిడంట్ ఈవెన్ సీ హర్," అంది వెనక నుంచి ఉదయశ్రీ.

సోమవారం వాణ్ణి చెవి పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేసి కంటి డాక్టరు దగ్గర కూర్చోబెట్టాను. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర రెండు కళ్ళలోనూ పలచబడి ముందుకి పొడుచుకు వస్తోందట. మామూలు కళ్ళజోడు పనిచేయదు. గట్టి రకం లెన్సులు పెట్టుకుంటే కొంతవరకు చూపు నిలుస్తుంది. కళ్ళు నులమకూడదు. ఆట మానేయాలి. ఒక మోచెయ్యి, ఒక వేలు తగిలితే చాలు, ఆ పొర చిరిగి కన్ను తెల్లగా కమ్ముకుపోవచ్చు. ఆ తర్వాత చనిపోయినవాళ్ళ కంటిపొర తెచ్చి కుట్టాలి, అదీ నిలుస్తుందో లేదో తెలియదు. డాక్టరు ఇదంతా చాలా మర్యాదగా చెప్పాడు. లెన్సులు వాడు కొన్నాడు. వారం తర్వాత చూస్తే, వాటి డబ్బా బాత్రూములో ఎండిపోయి ఉంది. గుచ్చుకుంటున్నాయట, బంతి ఆడితే ఊడిపోతున్నాయట.

ఒళ్ళు మండిపోయింది నాకు. "నీ కళ్ళకంటే ఎక్కువా ఆ దిక్కుమాలిన ఆట? అసలు కనపడకుండా ఎలా వేస్తున్నావురా?"

"రింగు కదలదక్కా," అన్నాడు. "మూలలో నా కాళ్ళ కింద గీత తెలిస్తే చాలు. రింగు ఎంత ఎత్తులో ఉందో, ఎంత దూరంలో ఉందో ఒంటికి తెలుసు. మిగతావన్నీ కదుల్తాయి, వాటితోనే చావు. మావాళ్ళు పాస్ ఇచ్చే ముందు 'ఇమ్మో' అని అరుస్తారు. ఆ అరుపు వైపు చేతులు పెడతాను."

"మీ నాన్నకి ఇప్పుడే ఫోను చేస్తున్నాను."

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, ప్లీజ్. అబ్బాకి తెలిస్తే ఆ రోజే ఆపించేస్తారు. క్లబ్బుకి తెలిస్తే ఆ మధ్యాహ్నానికే నా లాకర్ ఖాళీ. నేను ఇన్నేళ్ళు చేసింది పని కాదనే అబ్బా అనుకుంటున్నారు. ఒక్క మ్యాచ్, ఒక్కటంటే ఒక్కటి ఆయన వచ్చి చూడనీ. తర్వాత నేనే చెప్పేస్తాను, నేనే మానేస్తాను. మీ ఉదయశ్రీ మీద ఒట్టు."

"నా కూతురి మీద నువ్వెందుకురా ఒట్టేస్తావు, చవటా!" అని అరిచాను. కానీ వాడు ఏడుస్తున్నాడు. ఏం చేయను?

కారు మాత్రం ఆపలేకపోయాను. తాళాలు దాచేస్తే రెండో జత తీశాడు. "ప్రాక్టీసుకి రోజూ వెళ్ళే దారే కదా అక్కా, లైట్లు ఎక్కడున్నాయో నాకు తెలుసు" అనేవాడు. లైట్లు కదలవు సరే, మనుషులు కదలరా? వాడు బయటికి వెళ్ళిన ప్రతిసారీ, ఆ కారు మళ్ళీ మా గేటులోకి వచ్చేదాకా నాకు అన్నం సయించేది కాదు. దూరంగా అంబులెన్సు మోగినా గేటు దాకా పరిగెత్తేదాన్ని.

ఆ డిసెంబరంతా ఊరు ఊరంతా ఇంకో భయంలో ఉంది. బట్టలుతికే గదిలో మా ఆయన నింపి పెట్టిన నీళ్ళ డబ్బాలు, బియ్యం బస్తాలు. ఆ ఆఖరి రోజు ఆయన బ్యాంకులోనే ఉండిపోయి, జనవరి ఒకటిన పొద్దున్నే ఇంటికి వచ్చారు. "ఏమీ కాలేదు సుందరీ! ఒక్క లైటు కూడా ఆరలేదు" అని సోఫాలో కూలబడి నవ్వారు. "బావగారూ, మీ సున్నాలు మోసం చేశాయి కదా" అంటూ ఇమాద్ ఆయనకి టీ పోస్తున్నాడు. కప్పు నిండింది. వాడు పోస్తూనే ఉన్నాడు. టీ సాసరులోకి, బల్ల మీదకి, అక్కడి నుంచి తివాచీ మీదకి కారింది. మా ఆయన అప్పటికే కళ్ళు మూసుకుని గండం గడిచిందని చెబుతున్నారు.

ఇక లాభం లేదని ఆ వారమే కొట్టుకి వెళ్ళి బహదూర్ అంకుల్ మీద పడ్డాను. "పరాయి ఊరివాళ్ళంతా టిక్కెట్లు కొనుక్కుని మరీ మీవాణ్ణి చూస్తున్నారు. మీకు మాత్రం పప్పుల డబ్బాలు దాటి రావడానికి తీరికలేదు!" అని దులిపేశాను. ఆయన చాలాసేపు తక్కెడ తుడుస్తూ ఉండిపోయారు. "అంత బాగా ఆడతాడామ్మా?" అన్నారు చివరికి.

ఫిబ్రవరిలో మ్యాచ్. టిక్కెట్లు ఇమాదే తెచ్చాడు. తన మూలకి సరిగ్గా ఎదురుగా, మూడో వరసలో రెండు సీట్లు. ముందు రోజే ఖాళీ హాల్లోకి వెళ్ళి ఆ సీట్లు ఎటున్నాయో చూసుకుని వచ్చాడట. "అబ్బాని అక్కడే కూర్చోబెట్టక్కా. బంతి పడగానే నేను ఆయన వైపు చెయ్యి ఊపుతాను."

బహదూర్ అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తెల్ల టోపీ పెట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. కానీ మోకాళ్ళ నొప్పులు. మెట్లు రెండెక్కి ఆగిపోయారు. హాల్లో పనిచేసే ఒక ముసలావిడ చూసి, "కమ్ హియర్, లవ్" అంటూ మమ్మల్ని ఇవతలి వైపు మొదటి వరసలో, కోర్టు మూలకి ఆనుకుని కూర్చోబెట్టింది. ఇమాద్‌కి చెప్పే దారి లేదు. పోనీలే, ఇంకా దగ్గరే కదా అనుకున్నాను.

రెండో సగంలో కోచ్ వాణ్ణి లేపాడు. వచ్చి మా ముందే నిలబడ్డాడు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర. వాడి మెడ మీద చెమట కూడా కనిపిస్తోంది. కాలితో గీత తడుముకున్నాడు. "ఇమ్మో!" అని అరుపు, బంతి వచ్చింది, వేశాడు. రింగుకి తగలను కూడా తగల్లేదు, వల మాత్రం ఊగింది. హాలు దద్దరిల్లింది.

"అమ్మా, వీడు మా కొట్టు వెనక వేసినట్టే వేశాడమ్మా!" అన్నారు బహదూర్ అంకుల్. నాకు ఏడుపొచ్చింది, ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అప్పుడు ఇమాద్ తల ఎత్తి, ఎదురు వైపు మూడో వరస కేసి చూసి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ చెయ్యి ఊపాడు.

"ఎవరికమ్మా ఊపుతున్నాడు?"

 ఆయనే అటు చూశారు. అక్కడ రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచి, రెండు చేతులూ ఎత్తి ఊపారు. ఇమాద్ ఇటు తిరిగాడు. వాడి చూపు వాళ్ళ నాన్న ముఖం మీదుగా, గోడ మీదుగా పోయినట్టు పోయింది. వాడు మళ్ళీ వేశాడు, మళ్ళీ పడింది, మళ్ళీ ఆ ఖాళీ సీట్లకే చెయ్యి ఊపాడు. బహదూర్ అంకుల్ కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన చప్పట్లు కొట్టలేదు. ఒకడి మోచెయ్యి ఇమాద్ కనుబొమకి తగిలి వాడు కింద పడ్డప్పుడు మాత్రం "యా అల్లా" అన్నారు. వాడు లేచాడు, కళ్ళు నులుముకుంటూ. నేను ఇక చూడలేదు.

జట్టు గెలిచింది. ఆటగాళ్ళు బయటికి వచ్చే వరండాలో జనం తక్కువే. ఇమాద్ బ్యాగు భుజాన వేసుకుని వస్తున్నాడు, అటూ ఇటూ వెతుక్కుంటూ, నవ్వుతూ. నేను పిలవబోయాను. బహదూర్ అంకుల్ వద్దన్నట్టు చెయ్యి ఎత్తి, నడిచి వెళ్ళి సరిగ్గా వాడి దారిలో నిలబడ్డారు. ఏమీ మాట్లాడలేదు. నా గాజులు మోగకుండా నేను రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాను.

వాడు దగ్గరికొచ్చాడు. ఎదురుగా ఎవరో ఉన్నారని తెలిసి ఆగాడు. "సారీ, మేట్" అని పక్కకి జరిగి, ఆయన భుజం రాసుకుంటూ ముందుకి వెళ్ళిపోయాడు.

"ఇమాద్," అన్నారాయన.

గిరుక్కున తిరిగాడు. "అబ్బా! వచ్చారా? చూశారా? మూడో వరసలోంచి బాగా కనపడిందా?"



"బాగా కనపడింది బేటా. అంతా కనపడింది," అని బహదూర్ అంకుల్ చెయ్యి చాచారు. "కారు తాళాలు ఇటివ్వు."

ఇమాద్ నవ్వు ఆగిపోయింది.  జేబులోంచి తాళాలు తీసి, ఆ గొంతు వచ్చిన వైపు చాచాడు.